యూటీ చేసేవాడికి డబ్బులు ఎవరిస్తున్నారు?

వెల్డింగ్ జాయింట్‌లోకి శబ్దం పంపి, లోపల పగుళ్లూ గట్రా ఏమీ లేవని చూసి సంతకం పెట్టడం నా పని. పూర్తి పేరు అల్ట్రాసోనిక్ టెస్టింగ్, షెడ్డులో అందరూ యూటీ అనే అంటారు. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్లలో మొదలుపెట్టాను, కొన్నేళ్లు గల్ఫ్‌లో పైపులైన్ల మీదా ట్యాంకుల మీదా చేశాను, మళ్లీ తిరిగి ఇక్కడికే వచ్చాను. ఇన్నేళ్లలో ఒక అభిప్రాయం గట్టిపడింది, మొహమాటం లేకుండా చెప్పేస్తాను. వెల్డింగ్ చేసిన కాంట్రాక్టరే టెస్టింగ్ ఏజెన్సీకి బిల్లు కట్టే పద్ధతి ఉన్నంత కాలం, ఆ రిపోర్టును చూసి ఎవరూ ధీమాగా ఉండకూడదు. ఆ ట్యాంకు ఎవరు వాడుకుంటారో, ఆ షెడ్డు కింద ఎవరి మనుషులు పనిచేస్తారో, టెస్టింగ్ డబ్బులు వాళ్ల చేతి మీదుగా నేరుగా రావాలి.

ఈ మాట అంటే మా లైన్‌లోవాళ్లే కొందరు చిరాకు పడతారు. మిషన్‌కి కాంట్రాక్టరెవరో ఓనరెవరో తెలుసా, లోపానికి తగిలి శబ్దం తిరిగొస్తే, అంటే ఎకో వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు, మధ్యలో డబ్బుల గొడవ దేనికి అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. యూటీ ఎలా పనిచేస్తుందో కాస్త లోపలికి వెళ్లి చూస్తే ఈ వాదన నిలబడదు, అందుకే ముందు ఆ సంగతి చెప్పాలి.

బొటనవేలంత ప్రోబ్ ఉంటుంది. అందులో ఒక క్రిస్టల్, దాని కింద ఏటవాలుగా కోసిన పర్‌స్పెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క. క్రిస్టల్ సెకనుకి 40 లక్షల సార్లు కంపిస్తుంది, ఆ కంపనం పర్‌స్పెక్స్ దాటి ఉక్కులోకి వెళ్లేటప్పుడు వంగుతుంది. 45, 60, 70 డిగ్రీల్లో ఏ కోణంలో వంగాలో దాన్ని బట్టి ప్రోబ్ ఎంచుకుంటాం. ఏటవాలుగా వెళ్లే ఆ తరంగం ఉక్కులో సెకనుకి దాదాపు 3,230 మీటర్ల వేగంతో పోతుంది, అంటే ఒక్కో తరంగం పొడవు 0.8 మిల్లీమీటరు. ప్రోబ్‌కీ ప్లేటుకీ మధ్య గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు కాబట్టి నూనో, గ్రీజో, జిగురు పేస్టో రాస్తాం. దారిలో ఎక్కడైనా లోహం తెగిపోయి ఉంటే శబ్దం తిరిగొస్తుంది, స్క్రీన్ మీద ఒక గీత నిలువుగా లేస్తుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి అది ఎంత లోతులో ఉందో లెక్క కడతాం. ఇంతవరకూ డిప్లొమా కుర్రాడికి ఒక్క పూటలో నేర్పేయొచ్చు.

చిక్కు వచ్చేది గీత లేవనప్పుడు. స్క్రీన్ ఖాళీగా ఉందంటే లోపం లేదని ఒక అర్థం. శబ్దం లోపం దాకా పోలేదని రెండో అర్థం. పోయింది గానీ మన వైపు తిరిగి రాలేదని మూడో అర్థం. మూడింటికీ స్క్రీన్ మాత్రం ఒకేలా ఉంటుంది. ఏ ఖాళీ ఏ రకం ఖాళీయో చెప్పాల్సింది మిషన్ కాదు, ప్రోబ్ పట్టుకున్నవాడు. వాడు ప్రోబ్ పట్టకముందు ఏం చేశాడు, ఎంతసేపు చేశాడు, ఎన్ని వైపుల నుంచి చూశాడు అన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంది.

మూడో రకం ఖాళీనే తీసుకుందాం, అన్నిటికంటే ప్రమాదకరమైంది అదే. చీకటి గదిలో అద్దం మీదకి టార్చి వేస్తే, అద్దానికి సరిగ్గా ఎదురుగా నిలబడితేనే వెలుగు మన కంట్లో పడుతుంది, కొంచెం పక్కకి జరిగితే ఎటో పోతుంది. వెల్డ్‌లో అన్నిటికంటే చెడ్డ లోపాలు నున్నగా, పలచగా, అద్దంలాగే ఉంటాయి. ప్లేటు అంచుకీ వెల్డ్ లోహానికీ మధ్య అతుకు పడకుండా మిగిలిపోయే ఖాళీ, దాన్ని లాక్ ఆఫ్ ఫ్యూజన్ అంటాం, అలాంటిదే. ప్లేటు అంచుని 30 డిగ్రీల వాలుగా కోసి వెల్డ్ చేశారనుకోండి, ఆ వాలుకి శబ్దం నిట్టనిలువుగా తగలాలంటే 60 డిగ్రీల ప్రోబ్ వాడి, శబ్దాన్ని ప్లేటు అడుగున ఒకసారి తట్టించి పైకి వచ్చే దారిలో పట్టుకోవాలి. అదే జాయింట్‌ని చేతిలో ఉంది కదా అని ఒక్క 45 డిగ్రీల ప్రోబ్‌తో గీకేసి వచ్చేస్తే, 15 డిగ్రీలు పక్కకి తగిలి శబ్దం ఎటో వెళ్లిపోతుంది. స్క్రీన్ శుభ్రంగా ఉంటుంది. రిపోర్టులోనూ అంతా శుభ్రమే.

ఇంకో తమాషా చూడండి. పెద్ద లోపానికి పెద్ద ఎకో, చిన్న లోపానికి చిన్న ఎకో వస్తుందనుకోవడం సహజం. రిఫరెన్స్ బ్లాకులో, అంటే పోల్చుకోవడానికి ఉంచుకునే ఉక్కు ముక్కలో, మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసి, దాని ఎకో ఎత్తుని బట్టి స్క్రీన్ మీద డీఏసీ అనే వంపు గీత గీసుకుని, ఆ గీతతో పోల్చి తీర్పు చెప్పడం మా రోజువారీ పద్ధతి. కానీ ఎకో ఎత్తు లోపం పరిమాణం ఒక్కదాని మీదే ఆధారపడదు. అది ఏ కోణంలో ఉంది, దాని ముఖం నున్నగా ఉందా గరుకుగా ఉందా అన్నదాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. పక్కకి వాలిన పెద్ద పగులు డీఏసీలో సగం కూడా లేవకపోవచ్చు. 1970ల్లో యూరప్‌లో పీఐఎస్‌సీ అనే కార్యక్రమం కింద, కావాలని లోపాలు పెట్టి వెల్డ్ చేసిన, రియాక్టర్లకి వాడేంత మందమైన ప్లేట్లని వేర్వేరు దేశాల టీములకి తిప్పి పరీక్ష చేయించారు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎమ్ఈ అప్పటి కోడ్‌లోని పద్ధతిని అనుసరించిన పరీక్షల్లో పెద్ద లోపాలే కొన్ని దొరకలేదు. కళ్లూ చేతులూ బాగానే ఉన్న మనుషులు, మంచి మిషన్లు, అయినా దొరకలేదు. కోడ్‌లో రాసింది చేస్తే చాలు అనే ధైర్యం అప్పుడే పోవాల్సింది.

రెండో రకం ఖాళీ, శబ్దం అక్కడిదాకా పోకపోవడం, ఇంకా మామూలు విషయం. ప్లేటు రోలింగ్‌లోనే లోపల పొరలాంటి చీలిక ఉంటే శబ్దం దానికి తగిలి దారి తప్పుతుంది, వెల్డ్ దాకా చేరదు. అందుకే కోణం ప్రోబ్ పట్టుకునే ముందు వెల్డ్‌కి రెండు పక్కలా ఉన్న ప్లేటుని నిటారు ప్రోబ్‌తో ఒకసారి జల్లెడ పట్టాలి. ఇది అన్ని రిపోర్టుల్లోనూ చేసినట్టే ఉంటుంది. ఎంతమంది చేయగా చూశాను అని అడక్కండి.

ఎండ సంగతి సరేసరి. గల్ఫ్‌లో మధ్యాహ్నం పైపు మీద చెయ్యి పెట్టలేం, మిషన్‌ని సరిచూసుకునే కాలిబ్రేషన్ బ్లాకు మాత్రం ఏసీ బండిలో హాయిగా కూర్చుని ఉంటుంది. పర్‌స్పెక్స్ వేడెక్కితే అందులో శబ్దం వేగం మారుతుంది, వేగం మారితే కోణం మారుతుంది, 70 డిగ్రీలు అనుకున్నది 70 కాదు. బ్లాకుకీ పనికీ మధ్య ఉష్ణోగ్రత తేడా 14 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని ఏఎస్ఎమ్ఈ చెబుతుంది. అంటే బ్లాకుని తెచ్చి పైపు పక్కన ఎండలో పెట్టి, అది వేడెక్కేదాకా కూర్చుని, అప్పుడు మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. అక్కడ ఫోర్‌మన్ గడియారం చూస్తూ నిలబడి ఉంటాడు.

ఇక టైము. యూటీలో అమ్మేదీ కొనేదీ అసలు అదే కాబట్టి, ఒక లెక్క వేసి చూపిస్తాను. 20 మిల్లీమీటర్ల ప్లేటు, ఒక మీటరు పొడవు వెల్డ్. 70 డిగ్రీల ప్రోబ్‌తో వెల్డ్ లోతంతా చూడాలంటే ప్రోబ్‌ని సుమారు 110 మిల్లీమీటర్లు వెనక్కీ ముందుకీ జరపాలి, 60 డిగ్రీలకైతే సుమారు 70. క్రిస్టల్ వెడల్పు 10 మిల్లీమీటర్లు, పక్కపక్క గీతలు పదోవంతు ఒకదాని మీద ఒకటి పడాలి, అంటే 9 మిల్లీమీటర్లకో గీత, మీటరుకి 111 గీతలు. కోడ్ ఒప్పుకునే మామూలు గరిష్ఠ వేగం సెకనుకి 150 మిల్లీమీటర్లు. రెండు కోణాలు, వెల్డ్‌కి రెండు పక్కలా. లెక్క కడితే మీటరుకి నాలుగున్నర నిమిషాలు వస్తుంది. ఇందులో ఉపరితలం గీకి శుభ్రం చేయడం లేదు, గ్రీజు రాయడం లేదు, నిటారు ప్రోబ్ స్కాన్ లేదు, కాలిబ్రేషన్ లేదు, అనుమానం వచ్చిన చోట ఆగి కాగితం మీద జాయింట్ బొమ్మ గీసుకుని ఆ ఎకో రూట్ (వెల్డ్ అడుగు భాగం) నుంచి వచ్చిందా రూట్ పక్కన పగులు నుంచి వచ్చిందా అని తేల్చుకోవడం లేదు, మంచినీళ్లు తాగడం కూడా లేదు. రోజుకి 100 మీటర్లు ఒక్క మనిషే చూశాడని రిపోర్టు కనబడితే, ఆ మనిషి ఏడున్నర గంటలు ఎక్కడా ఆగకుండా, ఏమీ ఆలోచించకుండా చెయ్యి ఆడించాడన్నమాట. మీటరుకి ఇంత అని రేటు మాట్లాడుకునే చోట ఇలాంటి రిపోర్టులు రావడంలో వింతేముంది?

చెప్పొచ్చేదేంటంటే, యూటీలో మోసం చేయడానికి ఎవరూ అబద్ధం రాయక్కర్లేదు. కాస్త తొందరపడితే చాలు. ఒక కోణం మానేస్తే చాలు, ఒక పక్క నుంచే చూస్తే చాలు, ఫలితం దానంతటదే ఓకే అయిపోతుంది. తొందరకి లాభం ఎవరికో వాళ్లే డబ్బులిస్తున్నప్పుడు ఆ తొందరని ఆపేవాడెవడూ ఉండడు.

వెల్డ్ ఆరగానే టెస్ట్ చేయించేయడం కూడా ఇందులో భాగమే. హైడ్రోజన్ వల్ల వచ్చే పగుళ్లు వెల్డింగ్ అయిన వెంటనే కనబడవు, గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత తెరుచుకుంటాయి. అందుకే కొన్ని హై స్ట్రెంగ్త్ ఉక్కులకి 48 గంటలు ఆగాకే పరీక్షించాలని అమెరికా వెల్డింగ్ కోడ్ డీ1.1 చెబుతుంది. ఆ రెండు రోజులు క్రేను ఖాళీగా ఉంటుంది, ట్రైలరు అద్దె పడుతుంది. కాంట్రాక్టరు పిలిస్తే ఎప్పుడు రమ్మంటాడో ఊహించుకోండి.

ఇది మన షెడ్ల జాడ్యం, బయటి దేశాల్లో అంతా పద్ధతిగా ఉంటుంది అనుకునేవాళ్లకి ఫ్రాన్స్‌లోని ఫ్లామాన్‌విల్ మూడో రియాక్టరు కథ చెప్పాలి. 2007 డిసెంబరులో కాంక్రీటు మొదలైంది, 2012కల్లా కరెంటు ఇవ్వాలన్నది ప్లాను. ఆవిరిని టర్బైన్‌కి తీసుకెళ్లే పెద్ద పైపుల వెల్డ్‌లని, వాటిని తయారు చేసిన కంపెనీల బృందమే తనిఖీ చేసి, బాగున్నాయని రాసిచ్చింది. 2018లో రియాక్టరు యజమాని ఈడీఎఫ్, స్టార్ట్ చేసే ముందు తప్పనిసరిగా చేయాల్సిన పూర్తి తనిఖీ చేస్తుంటే తేడాలు బయటపడ్డాయి. ఆ ఏడాది జూలైలో వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం, చూసిన 148 వెల్డ్‌లలో 33 క్వాలిటీ లోపాలతో రిపేరుకి వచ్చాయి, మరో 20 ఆ పైపులకి పెట్టుకున్న ప్రత్యేక ప్రమాణాన్ని అందుకోలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఫ్రాన్స్ అణుభద్రతా సంస్థ, రియాక్టరు చుట్టూ ఉండే రెండు గోడల కంటైన్‌మెంట్ మధ్యలో ఇరుక్కుని ఉన్న 8 వెల్డ్‌లని కూడా వదలడానికి వీల్లేదు, రిపేరు చేయాల్సిందే అంది. మనిషి దూరలేని చోటు కాబట్టి రోబోలతో చేశారు. ఆ రియాక్టరు గ్రిడ్‌కి కలిసింది 2024 డిసెంబరు 21న. పన్నెండేళ్ల ఆలస్యానికి వెల్డ్‌లు ఒక్కటే కారణం కాదు, నిజమే. మొదటి తనిఖీ చేసినవాళ్లు దొంగలనీ నేననను. కానీ మొదటిసారి చూసినవాళ్లకి ఆ పైపు త్వరగా షాపు దాటి వెళ్తే మేలు, రెండోసారి చూసినవాళ్లకి ఆ పైపు పక్కన అరవై ఏళ్లు రియాక్టరు నడుపుకోవాలి. లోపాలు ఎవరికి కనబడ్డాయో చూడండి.

ఎవరు పరీక్షిస్తారన్నదే కాదు, ఏ జాయింట్‌ని పరీక్షించాలో ఎవరు ఎంచుతారన్నది కూడా ఇదే గొడవ. చాలా పనుల్లో అన్ని జాయింట్లూ చూడరు, పది శాతం చాలంటారు. ఆ పది శాతం జాయింట్లు ఎవరు చూపిస్తారు? కాంట్రాక్టరు దగ్గర క్వాలిటీ చూసే క్యూసీ అబ్బాయి, సుద్దముక్కతో గుర్తు పెట్టి మరీ. నిచ్చెన అక్కర్లేకుండా చేతికి అందేవి, మంచి వెల్డరు చేసినవి, గ్రైండింగ్ కొట్టి నిగనిగలాడించినవి.

అసలు పరీక్ష అక్కర్లేదని పక్కన పెట్టేసినవి ఇంకో రకం. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో, నార్వే భాగంలోని ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే ప్లాట్‌ఫాం తుఫానులో తిరగబడింది. దాని మీద 212 మంది ఉంటే 123 మంది చనిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, ప్లాట్‌ఫాం కాళ్లని కలిపే బ్రేసుల్లో ఒకదానికి, నీళ్లలో శబ్దాలు వినే హైడ్రోఫోన్ పెట్టుకోవడానికి ఒక చిన్న పట్టీ వెల్డ్ చేశారు, ఆరు మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డ్, అంటే రెండు ముక్కలు కలిసే మూలలో వేసే వెల్డ్. బరువు మోసేది కాదు కదా అని దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. పగులు అక్కడ మొదలై బ్రేసు చుట్టూ పాకి, చివరికి ఆ బ్రేసు, దాని వెంట మిగతావీ తెగిపోయాయి. ఆ పగులు లోపల పెయింటు దొరికింది. అంటే యార్డులో రంగు వేసేనాటికే పగులు ఉంది, ఎవరైనా వంగి చూసి ఉంటే అక్కడే ఆగిపోయేది. ఫిల్లెట్ వెల్డ్‌కి యూటీ అంత అనువైనది కాదు, అలాంటిదానికి మాగ్నెటిక్ పౌడరో రంగు ద్రవమో వాడతాం, ఆ ఒప్పుకోలు ఇక్కడ ఉండాలి. నా మాట ఏ పద్ధతి అన్నదాని గురించి కాదు. ఏది ముఖ్యమైన జాయింటో, ఏది కాదో నిర్ణయించే లిస్టు ఎవరి చేతిలో ఉంటుందన్నదాని గురించి.

నాకు జరిగింది కూడా ఒకటి చెప్తాను. ఇక్కడే ఒక షెడ్డులో ప్రెషర్ వెసెల్, షెల్ పొడవు అతుకూ చుట్టు అతుకూ కలిసే టీ జాయింట్ దగ్గర రూట్‌లో ఎకో వచ్చింది. అటు వైపు నుంచి చూశాను, ఇటు వైపు నుంచి చూశాను, కోణం మార్చి చూశాను, బొమ్మ గీసి చూశాను, రూట్ ఆకారం వల్ల వచ్చే ఎకో కాదు, ఖచ్చితంగా అతుకు పడలేదు. మార్కర్‌తో గుర్తు పెట్టి రిపేర్ అని రాశాను. క్యూసీ అతను వచ్చి, "అన్నా, గీ ఒక్క జాయింటే కద, రేపు లోడింగ్ ఉంది, జర ఓకే రాయరాదే" అన్నాడు. రాయనన్నాను. అతను గొడవేమీ పెట్టుకోలేదు, టీ తాగించి పంపించాడు. రెండు రోజుల తర్వాత తెలిసింది, ఇంకో ఏజెన్సీని పిలిపించి అదే జాయింట్‌ని మళ్లీ చూపించారట, వాళ్లకి ఏమీ కనబడలేదట, వెసెల్ వెళ్లిపోయింది. నా రిపోర్టు ఏమైందో తెలీదు, ఆ షెడ్డు నుంచి మళ్లీ ఫోను రాలేదు. ఇందులో ఎవరినీ జైల్లో పెట్టలేరు. రెండు రిపోర్టులు, రెండు సంతకాలు, నచ్చింది ఫైల్లో పెట్టుకున్నారు. ఇద్దరికీ డబ్బులిచ్చేది కాంట్రాక్టరే కాబట్టి ఏది ఉంచాలో తేల్చే హక్కూ తనదే అనుకున్నాడు.

ఎక్స్‌రేలోనైతే కనీసం ఫిల్మ్ మిగులుతుంది, పదేళ్ల తర్వాతైనా ఇంకొకరు లైటు బాక్సు మీద పెట్టి చూడొచ్చు. అక్కడా వేషాలున్నాయి, ఒక మంచి జాయింట్‌నే పదిసార్లు తీసి పది నంబర్లు వేసే పెద్దమనుషుల గురించి ఈ ఫీల్డ్‌లో వినని వాడు లేడు. అయినా ఏదో ఒకటి మిగులుతుంది. చేత్తో చేసే మామూలు యూటీలో గీత లేచింది, పడిపోయింది, అయిపోయింది. మిగిలేది ఆ మనిషి రాసిన మాట. సాక్ష్యం లాంటిదే అది, సాక్షికి భత్యం ముద్దాయి ఇస్తున్నాడు.

సర్టిఫికెట్ల సంగతి ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ డిప్లొమా అయిన పిల్లలు వందల మంది ఈ తనిఖీ పనికి లెవెల్ టూ అనే సర్టిఫికెట్ చేసి గల్ఫ్ వెళ్దామనుకుంటారు, నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. కొద్ది వారాల్లో నాలుగు మెథడ్లు, నాలుగు సర్టిఫికెట్లు. మనదగ్గర ఎక్కువగా నడిచేది ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ అనే పుస్తకంలోని పద్ధతి. అందులో సర్టిఫై చేసే బాధ్యత ఉద్యోగం ఇచ్చే యజమానిది. శిక్షణ ఎన్ని గంటలు, అనుభవం ఎన్ని గంటలు అన్నవి ఆ పుస్తకంలో సిఫారసులుగా ఉంటాయి, వాటిని తన కంపెనీకి ఎలా వర్తింపజేయాలో యజమానే రాసుకుంటాడు. ఐఎస్ఓ 9712 పద్ధతిలోనైతే బయటి సంస్థ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. మొదటి పద్ధతి చెడ్డదని కాదు, నిజాయితీగా నడిపే కంపెనీలో అది చాలా మంచి పద్ధతి. కానీ మొత్తం గొలుసు చూడండి. కాంట్రాక్టరు ఏజెన్సీకి డబ్బులిస్తాడు, ఏజెన్సీ కుర్రాడికి జీతమూ ఇస్తుంది, వాడు పనికొస్తాడని సర్టిఫికెట్టూ ఇస్తుంది. ఆ కుర్రాడు ఎండలో నిలబడి రిపేర్ అని రాయడానికి ఎంత గుండె కావాలి? వాడిని తిట్టి లాభం లేదు.

మరి కొత్త మిషన్లొచ్చాయి కదా, ఫేజ్డ్ అరే ఉంది, టీఓఎఫ్‌డీ ఉంది, కంప్యూటర్ చూసుకుంటుంది కదా అనేవాళ్లకి సగం ఒప్పుకుంటాను. ఫేజ్డ్ అరేలో ఒకే ప్రోబ్ అనేక కోణాల్లో శబ్దాన్ని ఊపుతుంది కాబట్టి ఒక కోణం మానేసే దొంగతనం కష్టమవుతుంది. ఇంగ్లండ్‌లో హార్వెల్ ల్యాబులో 1970ల్లో పుట్టిన టీఓఎఫ్‌డీ, పగులు చివర్ల నుంచి చెదిరి వచ్చే శబ్దాన్ని పట్టుకుంటుంది, ఎకో ఎత్తు మీద ఆధారపడదు, పగులు ఎంత లోతు ఉందో చెప్పడంలో దాన్ని మించింది తక్కువ. ఉపరితలానికి దగ్గర్లోనూ అడుగు అంచు దగ్గరా మాత్రం దానికి సరిగ్గా కనబడదు. నాకు వీటిలో అన్నిటికంటే నచ్చేది ఇంకొకటి, డేటా మొత్తం ఫైలుగా మిగులుతుంది. ప్రోబ్ ఎక్కడుందో నమోదు చేసే ఎన్‌కోడర్ పెట్టి స్కాన్ చేస్తే ఏ మిల్లీమీటరు దగ్గర ఏం కనబడిందో ఇంకొకడు ఇంకో ఊళ్లో కూర్చుని చూడగలడు. అయితే ఆ ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది? చాలాచోట్ల ఏజెన్సీ ల్యాప్‌టాప్‌లో. ఓనరుకి చేరేది పీడీఎఫ్. ఒరిజినల్ డేటా అడిగే ఓనర్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మన రైల్వేలో ఒక పద్ధతి నాకు ఇష్టం. పట్టాల మీద ట్రాలీ తోసుకుంటూ, నీళ్లు పోసుకుంటూ, పట్టాలని కలిపే థర్మిట్ వెల్డ్‌లని పరీక్షించేవాళ్లని కాజీపేట వైపు ప్రయాణాల్లో మీరూ చూసే ఉంటారు. చలికాలంలో పట్టా కుంచించుకోవాలని చూస్తుంది, రెండు పక్కలా లాగుడు పెరుగుతుంది, వెల్డ్‌లు తెగేది ఎక్కువగా అప్పుడే. వెంటనే తీసేయాల్సిన లోపం దొరికితే అక్కడికక్కడే 30 కిలోమీటర్ల వేగ పరిమితి పెట్టించే బాధ్యత ఆ పరీక్ష చేసిన ఇంజనీరుకే రూల్స్ అప్పగించాయి. రైళ్లు లేటైతే కంట్రోల్ రూమ్ నుంచి ఎన్ని ఫోన్లైనా రానీ. పట్టాని చూసుకునేదీ పరీక్షించేదీ ఒకే శాఖ కావడం నాకు నచ్చని సంగతే, కానీ కనిపెట్టినవాడి మాటకి వెంటనే ఫలితం ఉండటం అనేది మా షెడ్లలో కలలో కూడా లేదు.

ఖర్చు పెరుగుతుందంటారు. పెరగదు, చేతులు మారుతుంది. ఇప్పుడు కాంట్రాక్టరు కోట్ చేసే రేటులో టెస్టింగ్ ఖర్చు ఎలాగూ కలిపే ఉంటుంది, అది ఓనరు జేబులోంచే పోతోంది. దాన్ని విడదీసి ఏజెన్సీకి నేరుగా ఇవ్వండి, మీటరు లెక్కన కాకుండా రోజు లెక్కన ఇవ్వండి, జాయింట్లు మీరే ఎంచండి, డేటా మీరే తీసుకోండి. వీలైతే లోపలేముందో మీకు తెలిసిన ఒక లోపాల ముక్క తయారు చేయించి, చెప్పకుండా మిగతా ముక్కల్లో కలిపి ఇవ్వండి, ఎవరికి దొరుకుతుందో చూడండి. చివరిది మా ఏజెన్సీలకే నచ్చదు, అవమానంగా అనుకుంటారు. నాకైతే ఏ ఇబ్బందీ లేదు.

ఇలా నేరుగా డబ్బులిచ్చే ఓనరు ఒకాయన దొరికాడు నాకు, పెద్ద స్టోరేజీ ట్యాంకులు కట్టించుకుంటున్నాడు. మొదటి వారం రిపేర్లు బాగా వచ్చాయి. కాంట్రాక్టరు మేనేజరు ఓనరు ముందే, "ఇంతకుముందు ఏజెన్సీ ఉన్నప్పుడు ఇన్ని రిపేర్లు ఎప్పుడూ రాలేదు సార్" అన్నాడు, నా వల్లే వెల్డింగ్ పాడైందన్నట్టు. ఓనరు నవ్వి ఊరుకున్నాడు. రిపేర్లన్నీ కాగితం మీద పరిచి చూస్తే రెండే రకాలు కనబడ్డాయి. కొన్ని రూట్‌లో వెల్డరు ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట్ల, మిగతావి మధ్య పొరల్లో గాలి బుడగలు, అదీ ఎక్కువగా సాయంత్రం షిఫ్టులో. మొదటివి ఆపిన చోట గ్రైండింగ్ చేసి మొదలుపెట్టమంటే చాలావరకు తగ్గాయి. రెండోదానికి వెల్డర్లనే అడిగాం. శ్రీకాకుళం వైపు పెద్దాయన ఒకరున్నారు, ఆయనే చూపించారు. తడి తగలకుండా 7018 ఎలక్ట్రోడ్లు, అంటే వెల్డింగ్ కడ్డీలు, వేడిగా ఉంచే ఓవెన్ ప్లగ్గు సాయంత్రమయ్యేసరికి పీకేసి, ఆ సాకెట్‌కి గ్రైండరు పెట్టుకుంటున్నారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇంకొకటి కొనమని ఆయన అంతకుముందే అడిగారట, స్టోర్స్‌వాళ్లు ఇవ్వలేదట. ఈసారి ఓనరు అడిగాడు కాబట్టి అదే రోజు వచ్చింది.